గుల్‌మార్గ్‌లో స్నో బైకు నడపడానికి తిరుపతి నుంచి వెళ్లొచ్చాం: తేదీలు, ఖర్చులు, టెన్షన్

2025 మార్చి మొదటి వారంలో కాశ్మీరులోని గుల్‌మార్గ్ వెళ్లి మంచు మీద తోలే స్నో బైకు నడిపి వచ్చాం. నేను, మా ఆవిడ, ఏడో తరగతి చదివే మా అమ్మాయి, చిత్తూరు నుంచి మా బావమరిది. అసలు వెళ్లాల్సింది ఫిబ్రవరిలో. మధ్యలో ఏం జరిగింది, ఎక్కడ ఆగాం, ఎంత వదిలింది అన్నీ రాస్తున్నా, ఎందుకంటే బయల్దేరేముందు ఇవి చెప్పేవాళ్లు మాకు తిరుపతిలో దొరకలేదు. కాశ్మీరు చూసొచ్చిన వాళ్లు చాలామందే ఉన్నారు గానీ అందరూ వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని వెళ్లి గుర్రం ఎక్కి ఫొటోలు దిగి వచ్చినవాళ్లే. చలికాలం సంగతి అడిగితే "అబ్బో, ఆ చలి మనం తట్టుకోలేంలే" అని అక్కడితో ఆపేసేవాళ్లు.

ఆలోచన మా బావమరిదిది. వాడు చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మే నుంచి కాయ దిగిందంటే రాత్రీ పగలూ ఉండదు, ఫిబ్రవరి మార్చిలో మాత్రం లీవు అడిగితే కాదనరు. బుల్లెట్ అంటే ప్రాణం. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు అమెరికాలో ఎక్కడో గడ్డకట్టిన చెరువు మీద స్నో బైకులు తోలే వీడియో చూపించి "బావా, చెరువు మీద బండి తోలుతున్నారు చూడు" అన్నాడు. మన పక్క చెరువులో బండి తోలాలంటే ముందు అది ఎండిపోవాలి. సరే, అమెరికా మన వల్ల కాదు, మన దేశంలో ఎక్కడుందని వెతికితే గుల్‌మార్గ్ తేలింది.

మొదట వాడి ఆశ శ్రీనగర్‌లోని దాల్ లేక్ మీద తోలడం. అది కుదిరే పని కాదు. బాగా చలి ఉన్న రాత్రుల్లో దాల్ పైన మంచుపొర కడుతుంది గానీ అది పలచన, అడుగు పెట్టొద్దని అక్కడి అధికారులే హెచ్చరిస్తుంటారు. కాబట్టి సరస్సు ఉండటానికి, కొండ బండికి అని తేల్చుకున్నాం. సోనామార్గ్ కూడా అనుకున్నాం, జనవరి 13న అక్కడికి వెళ్లే జడ్-మోడ్ సొరంగం ప్రారంభమయ్యాక చలికాలంలోనూ దారి తెరిచి ఉంటోంది. కానీ శ్రీనగర్ నుంచి ఎనభై కిలోమీటర్లు, అమ్మాయితో ఒకే రోజులో వెళ్లి రావడం కష్టమని మా ఆవిడ వద్దంది. గుల్‌మార్గ్ యాభై కిలోమీటర్లే.

తేదీల దగ్గర మొదలైంది అసలు తలనొప్పి. డిసెంబర్ 21 నుంచి నలభై రోజులు అక్కడ చిల్లై కలాన్ అంటారు, ఎముకలు కొరికే చలి. అది అయ్యాక వెళ్దాం, ఫిబ్రవరి 26 శివరాత్రికి మాత్రం ఇంట్లో ఉండాలి, శ్రీకాళహస్తి వెళ్లకపోతే మా అమ్మ ఊరుకోదు. ఈ రెంటి మధ్యా ఫిబ్రవరి 20 అనుకున్నాం. పైగా ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ గుల్‌మార్గ్‌లో ఫిబ్రవరి 22 నుంచి 25 దాకా అని ప్రకటించి ఉన్నారు. ప్రభుత్వమే అక్కడ స్కీయింగ్ పోటీలు పెట్టుకుందంటే మంచుకేం కొదవ అనుకున్నాం.

జనవరి 18న ఫ్లైట్ టికెట్లు తీశాను. రేణిగుంట నుంచి హైదరాబాద్ మీదుగా చూస్తే నలుగురికీ కలిపి ఇరవై వేలు తేడా వస్తోంది, అందుకని చెన్నై నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి శ్రీనగర్. రానూ పోనూ మనిషికి పద్దెనిమిది వేలు. హోటళ్లూ కారూ కలిపి ఒక ట్రావెల్ ఏజెంటుతో మాట్లాడాను. నాలుగు రాత్రులకు, రెండు గదులకు యాభై రెండు వేలు, అందులో ఇరవై వేలు అడ్వాన్సు. ఆయన పంపిన కాగితంలో "స్నో యాక్టివిటీస్ కలిపి" అని ఉంది. స్నో బైకు కూడానా అని ఫోన్లో అడిగితే "సార్, అన్నీ ఉంటాయి సార్" అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఆ తర్వాత నెల రోజులు పొద్దున లేవగానే నా పని ఫోన్లో గుల్‌మార్గ్ చూడటం. డిసెంబర్ చివర్లో బాగా పడిన మంచు జనవరిలో కరిగిపోతూ వచ్చింది. ఫిబ్రవరి మొదటి పదిహేను రోజుల్లో ఎవరో ఒకరు పెట్టే వీడియోల్లో గోల్ఫ్ కోర్సు దగ్గర గోధుమ రంగు గడ్డి కనపడుతోంది, అక్కడక్కడా మురికి మంచు మచ్చలు. ఏజెంటుకు ఫోన్ చేస్తే "పైన ఫుల్ మంచు సార్, గ్యారంటీ" అంటాడు. పైన అంటే ఎక్కడ? గొండోలా (కేబుల్ కారు) ఎక్కి వెళ్లే అఫర్వత్ కొండ మీద మంచు ఉంటే మనకేం లాభం, బండ్లు తిరిగేది కింద.

చివరికి బావమరిది ఒక పని చేశాడు. గుల్‌మార్గ్‌లో మాకు గది ఇచ్చిన హోటల్ పేరు పట్టుకుని నేరుగా రిసెప్షన్‌కు ఫోన్ చేసి, వాడికొచ్చిన చిత్తూరు ఉర్దూలో మాట్లాడి, వీడియో కాల్‌లో కిటికీ బయట చూపించమన్నాడు. ఆ అబ్బాయి ఏ మొహమాటమూ లేకుండా ఫోన్ తిప్పి చూపించాడు. మంచు లేదు. "ఇప్పుడు వస్తే స్నో బైకు కాదు, బురదలో ఏటీవీ (నాలుగు లావు చక్రాల బండి) తోలుకోవాలి భాయ్" అన్నాడట. మాకు ఈ మొత్తం వ్యవహారంలో నిజం చెప్పిన మొదటి మనిషి ఆయనే. మీరు వెళ్లేటట్టయితే ఏజెంటుతో సంబంధం లేకుండా ఇలా ఒకసారి హోటల్‌కు వీడియో కాల్ చేయండి, పైసా ఖర్చు లేదు.

అదే వారంలో వింటర్ గేమ్స్ కూడా మంచు చాలక వాయిదా పడ్డాయని వార్త వచ్చింది. ఇక మాకు అనుమానం లేదు. ఆ రాత్రి భోజనాలయ్యాక కూర్చుని ఒకటే చర్చ. అమ్మాయి ఏడుపు మొహం పెట్టింది. డబ్బు పోతే పోయింది, ఊరు చూసొద్దామని మా ఆవిడ. మంచు లేకపోతే నేను రానని బావమరిది. నాకేమో ఫ్లైట్ తేదీ మారిస్తే ఎంత పోతుందన్న లెక్క. టికెట్‌కు మూడు వేల చిల్లర మార్పు చార్జీ, దాని మీద కొత్త తేదీకి పెరిగిన రేటు. మొత్తం నలుగురికీ పంతొమ్మిది వేలు పోయాయి. మార్చి 5కు మార్చాను. ఏజెంటు ఆ హోటల్ తేదీలు మార్చడానికి ఎనిమిది వేలు పట్టుకుని "తర్వాత అడ్జస్ట్ చేస్తాను సార్" అన్నాడు.

మార్చి 5కే ఎందుకంటే, ఆ రిసెప్షన్ అబ్బాయి "నెలాఖరులో పడే సూచన ఉంది, పడ్డాక వెంటనే రండి, మార్చి ఎండకు నిలవదు" అన్నాడు. దాని మీదే నమ్మకం పెట్టుకుని కూర్చున్నాం. ఆ పది రోజులు పడిన టెన్షన్ మా అమ్మాయి పుట్టినప్పుడు కూడా పడలేదని మా ఆవిడ ఎగతాళి.

శివరాత్రి నాడు శ్రీకాళహస్తిలో క్యూలో ఉన్నాం. కాళ్లు కాలుతున్నాయి, ముందూ వెనకా జనం, మా అమ్మ పంచాక్షరి చదువుకుంటోంది. అప్పుడు వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది, గుల్‌మార్గ్ హోటల్ అబ్బాయి పంపాడు. మంచు ధారగా పడుతోంది, అవతల చెట్లు కూడా కనపడటం లేదు. నేను గట్టిగా "పడింది!" అని అరిచాను, పక్కనున్న పెద్దాయన ఎవరు పడ్డారో అని కంగారుగా చుట్టూ చూశాడు.

అయితే ఆ సంతోషం రెండు రోజులే. మంచు ఆగకుండా పడి జమ్మూ శ్రీనగర్ రోడ్డు మూసేశారని వార్తలు. ఇప్పుడు మంచు ఎక్కువై ఫ్లైట్ దిగదేమోనన్న భయం మొదలైంది. అదృష్టం బాగుండి మార్చి మొదటి రోజుల్లో తెరిపి ఇచ్చింది.

బయల్దేరే ముందు చేసిన పనుల్లో అన్నిటికంటే ముఖ్యమైనది సిమ్ కార్డు. మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కాశ్మీర్‌లో పనిచేయదు. పోస్ట్‌పెయిడ్ అయితేనే పనిచేస్తుంది. నాకు ఆఫీసు నంబరు పోస్ట్‌పెయిడ్ కాబట్టి ఇబ్బంది లేదు, మా ఆవిడదీ బావమరిదిదీ మార్పించాం. ఆధార్ తీసుకుని షోరూమ్‌కు వెళ్తే అరగంట పని, మారడానికి మర్నాడైంది. ఇది ముందు తెలియకుండా వెళ్లినవాళ్లు మాకు ఫ్లైట్‌లోనే కనిపించారు, దిగగానే నలుగురికి నాలుగు ఫోన్లూ మూగబోయి, మా దగ్గర హాట్‌స్పాట్ అడిగి డ్రైవరుకు ఫోన్ చేసుకున్నారు.

రెండోది బట్టలు. ఫిబ్రవరి చివర్లో తిరుపతిలో ఉన్ని బట్టలు అడిగితే షాపువాళ్లు మన మొహం వింతగా చూస్తారు. చలికాలంలో రోడ్డు పక్కన స్వెటర్లు అమ్మేవాళ్లు అప్పటికే సర్దుకుని వెళ్లిపోయారు. గాంధీ రోడ్డులో ఒక షాపులో పాత స్టాకు థర్మల్స్ రెండు జతలు దొరికాయి, మిగతావి చెన్నైలో కొన్నాం. మొత్తం పద్నాలుగు వేలు. జాకెట్లకు అంత పెట్టక్కర్లేదని వెళ్లాక తెలిసింది, పైకోటు, పొడుగు బూట్లు అక్కడ అద్దెకిస్తారు. కొనాల్సినవి థర్మల్స్, తడవని చేతితొడుగులు, మందమైన మేజోళ్లు. మేజోళ్లు మనిషికి మూడు జతలు ఉండాలి, తడిసినవి అక్కడ ఒక రాత్రికి ఆరవు. చేతితొడుగులు ఉన్నివి తీసుకోవద్దు, మంచు ముట్టుకోగానే పిండితే నీళ్లు కారేలా తయారవుతాయి.

మా అమ్మ కందిపొడి, కరివేపాకు పొడి, నిమ్మకాయ పచ్చడి కట్టింది. పచ్చడి చెకిన్ బ్యాగులో వేసి నాలుగు కవర్లు చుట్టినా నా ఒక చొక్కాకు నూనె అంటింది.

మార్చి 5. తెల్లవారుజామున ఫ్లైట్ కాబట్టి ముందు రోజు రాత్రే బస్సెక్కాం. తిరుపతి నుంచి వెళ్లే మన ఆర్టీసీ బస్సులు చెన్నైలో మాధవరంలో దింపుతాయి, అక్కణ్ణుంచి ఎయిర్‌పోర్టు నగరానికి ఆ చివర. అర్ధరాత్రి నాలుగు పెట్టెలతో కారు మాట్లాడుకుంటే తొమ్మిది వందలు. ఢిల్లీలో మూడున్నర గంటలు కూర్చున్నాం. శ్రీనగర్ ఫ్లైట్‌లో కుడిపక్కా ఎడమపక్కా అని సీట్ల కోసం డబ్బు కట్టక్కర్లేదు, చివరి ఇరవై నిమిషాలు ఏ కిటికీలోంచి చూసినా కొండలే.

మాకు అసలు తట్టని విషయం రంజాన్. మార్చి 2నే ఉపవాసాలు మొదలయ్యాయి. పగలు చాలా హోటళ్లు మూసి ఉన్నాయి, డ్రైవరు ఉపవాసం, ఆయన ఎదురుగా చిప్స్ పొట్లం చింపాలన్నా మాకు మొహమాటం. ఆయనే "మీరు తినండి, పాప ఆకలితో ఉంటుంది" అని డాల్‌గేట్ దగ్గర టూరిస్టుల కోసం తెరిచి ఉన్న ఒక వైష్ణో ధాబాకు తీసుకెళ్లాడు. అక్కడ అన్నం, రాజ్మా, దాని మీద మా అమ్మ కందిపొడి. ఇంకో సంగతి, సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో ఇఫ్తార్. ఆ వేళకు ఇల్లు చేరాలని ప్రతి డ్రైవరుకూ ఉంటుంది, ఉండటం న్యాయమే. అందుకని నాలుగు గంటలకల్లా కొండ దిగేలా చూసుకున్నాం. రంజాన్‌లో వెళ్లేవాళ్లు పొద్దున ఏడింటికే బయల్దేరితే రోజు చేతిలో ఉంటుంది.

ఆ రాత్రి శ్రీనగర్‌లో హోటల్. కరెంటు దుప్పటి అనే వస్తువును మొదటిసారి చూశాం. పరుపు మీద పరుస్తారు, స్విచ్ వేస్తే పక్క వెచ్చబడుతుంది. రాత్రి మధ్యలో కరెంటు పోయింది. హార్స్‌లీ హిల్స్‌లో డిసెంబరు చలికే దుప్పటి మీద దుప్పటి కప్పుకునే మనుషులం, మా ఆవిడ అమ్మాయిని పక్కలో వేసుకుని జాకెట్టుతో సహా పడుకుంది.

మార్చి 6, గుల్‌మార్గ్. శ్రీనగర్ కారు టాంగ్‌మార్గ్ దాకానే వస్తుంది. అక్కణ్ణుంచి పైకి పదమూడు కిలోమీటర్లు, మంచు ఉన్నప్పుడు చక్రాలకు గొలుసులు కట్టిన స్థానిక బండిలోనే వెళ్లాలి. రెండు రోజులకూ కలిపి ఇరవై నాలుగు వందలు ఇచ్చాం. ఏజెంటు ప్యాకేజీలో కారు ఉంది కదా అంటే, అది టాంగ్‌మార్గ్ దాకానేనట. కోట్లు, బూట్లు కూడా అక్కడే అద్దెకు తీసుకున్నాం, మనిషికి నాలుగు వందలు. బూట్లు తీసుకునేటప్పుడు లోపల చెయ్యి పెట్టి చూడండి. మా అమ్మాయికి ఇచ్చిన జత లోపల నిన్నటి తడి ఇంకా ఉంది, మార్చమంటే మార్చాడు. కారు ఆగకముందే నలుగురైదుగురు గైడ్లు చుట్టుముట్టి, గైడు లేకపోతే పైకి పంపరని ఒకటే చెప్తారు. మేం తీసుకోలేదు, ఎవరూ ఆపలేదు.

పైకి వెళ్లాక మొదట ఎవరం మాట్లాడలేదు. అంత తెల్లదనం కళ్లు భరించలేవు. నల్లకళ్లద్దాలు స్టైలు కోసమనుకున్నాం గానీ పది నిమిషాలకే కళ్లు నీళ్లు కారాయి. గుల్‌మార్గ్ 2,650 మీటర్ల ఎత్తులో ఉంది, మన తిరుమల కొండకు మూడు రెట్లు. నడుస్తూ మాట్లాడితే ఆయాసం వస్తుంది. ఫోన్ అరవై శాతం చార్జింగ్ చూపిస్తూనే టక్కున ఆగిపోయింది, లోపలి జేబులో పెట్టుకుని వెచ్చబడ్డాక మళ్లీ లేచింది. పవర్ బ్యాంకు కూడా ఒంటికి ఆనించి పెట్టుకోవాలి.

ఇక స్నో బైకు. ఏజెంటు కాగితంలో "యాక్టివిటీస్ కలిపి" అంటే గొండోలా మొదటి ఫేజు టికెట్టు మాత్రమేనని ఆ పొద్దున తెలిసింది. ఫోన్ చేస్తే, స్నో బైకు అడ్వెంచర్ కిందికి వస్తుంది సార్, యాక్టివిటీ వేరు అడ్వెంచర్ వేరు అన్నాడు. బావమరిది ఫోన్ లాక్కుని చిత్తూరు భాషలో నాలుగు మాటలు అన్నాడు, అవి ఇక్కడ రాయలేను.

బేరం మేమే ఆడాం. మొదటి మనిషి బండికి ఆరు వేలన్నాడు, "ఫుల్ రౌండు". ఎంతసేపని అడిగితే "మూడు పాయింట్లు" అంటాడు. పాయింటు అంటే ఎంత దూరమో వాడికే తెలియాలి. ఒక చెట్టు దగ్గర ఆపి ఒకటో పాయింటు, ఇంకో గుడిసె దగ్గర ఆపి రెండో పాయింటు, పది నిమిషాల్లో అయిపోతుంది. మేం అలా తిరిగొచ్చిన ఒక గుజరాతీ కుటుంబాన్ని అడిగి తెలుసుకున్నాం, పాపం వాళ్లు ఐదు వేలిచ్చారు. అందుకని మేం పాయింట్లు వద్దు, గడియారం చూసి మాట్లాడుదామన్నాం. ముప్పావుగంట, హ్యాండిల్ మా చేతిలో ఉండాలి, వెనక నువ్వు కూర్చో, హెల్మెట్ ఇవ్వాలి, బండి ఆగిపోతే ఆ టైము లెక్కలోకి రాదు. ఇలా తిరిగి తిరిగి నాలుగో మనిషి దగ్గర బండికి మూడున్నర వేలకు కుదిరింది. రెండు బండ్లు, ఏడు వేలు. పెట్రోలు వాళ్లదే. మొత్తం డబ్బు ముందు ఇవ్వలేదు, సగం ఇచ్చాం.

బండి దగ్గరగా చూస్తే ముందు రెండు స్కీలు (మంచు మీద జారే పొడుగు పలకలు), వెనక చక్రాలకు బదులు వెడల్పాటి రబ్బరు బెల్టు, దానికి మంచును పట్టుకునే పళ్లు. రెండు వందల కిలోల పైమాటే. గేర్లు లేవు, క్లచ్చూ లేదు. యాక్సిలరేటరు మన బండిలా తిప్పేది కాదు, కుడి బొటనవేలితో నొక్కే చిన్న మీట. బ్రేకు ఎడమచేతి వైపు. ఒక తాడు మన మణికట్టుకు కడతారు, మనం పడిపోతే అది ఊడి ఇంజన్ ఆగిపోతుంది. మొదటి బండివాడు ఆ తాడు కట్టకుండా హ్యాండిల్‌కే చుట్టేసి ఉంచాడు. అడిగి కట్టించుకోండి.

బావమరిదికి ఇరవై ఏళ్ల బుల్లెట్ అలవాటు. ఎక్కి కూర్చుని కుడిచేయి మెలితిప్పుతున్నాడు, బండి కదలదు. వెనకాల కూర్చున్న అబ్బాయి "అంగూఠా భాయ్, అంగూఠా" అని వాడి బొటనవేలు పట్టుకుని మీట మీద పెట్టాడు. ఒక్క నొక్కు నొక్కేసరికి బండి ఎగిరి దూకింది, వాడి అరుపు గోల్ఫ్ కోర్సు అవతలిదాకా వినపడింది. వంపు తిరిగేటప్పుడు హ్యాండిల్ ఒక్కటే తిప్పితే స్కీలు జారుతూ నేరుగా పోతాయి, తిరిగే వైపుకు మన ఒళ్లు వాల్చాలి. ఇది నాకు నాలుగు వంపులకు పట్టుబడింది. టూ స్ట్రోక్ పొగ వాసన, చెవులు హోరెత్తే మోత, మొహానికి సూదుల్లా మంచు. మా అమ్మాయి నా ముందు కూర్చుని "ఇంకా స్పీడు నాన్నా, ఇంకా" అని ఒకటే గోల.

చెట్ల పక్కన వాలులో కొత్త మంచు తొక్కుడు పడకుండా ఉంది. బావమరిది అటు పోనిచ్చి మధ్యలో ఆగాడు. ఆగకూడదు. మెత్తటి మంచులో ఆగితే బెల్టు తిరుగుతూ కిందికి తవ్వుకుంటూ దిగిపోతుంది, మీట నొక్కేకొద్దీ ఇంకా లోపలికి. దిగి అడుగు వేశాడు, తొడల దాకా కూరుకుపోయాడు. బండి అబ్బాయి ఏమీ కంగారు పడలేదు. బండి ముందు పది అడుగుల మేర మంచును కాళ్లతో తొక్కి గట్టిపరిచాడు, బెల్టు చుట్టూ చేతులతో తవ్వాడు, తర్వాత మా ఇద్దర్నీ ముందు స్కీలకున్న పిడులు పట్టుకుని లాగమని, తను పక్కన నిలబడి మీటను కొంచెం కొంచెంగా నొక్కాడు. మూడోసారికి బండి పైకి లేచి వచ్చింది. ఆ ఎత్తులో ఆ పని చేశాక నేనూ వాడూ మంచులోనే వెల్లకిలా పడి ఐదు నిమిషాలు ఊపిరి పీల్చుకున్నాం. దీనికి పావుగంట పైగా పట్టింది. ముందే మాట్లాడుకున్నాం కాబట్టి ఆ టైము మళ్లీ ఇచ్చాడు, సంతోషంగా ఇంకో ఐదు వందలు ఇచ్చాం.

పైన అఫర్వత్ వాలుల మీదికి కూడా తీసుకెళ్తానని ఒకడు వెంటపడ్డాడు, ఇంకో నాలుగు వేలు ఇస్తే చాలట. వద్దన్నాం. కొత్త మంచు బాగా పడిన తర్వాత ఆ వాలుల మీదే హిమపాతాలు జారతాయి, 2023 ఫిబ్రవరిలో అక్కడ స్కీయింగ్ చేస్తున్న ఇద్దరు పోలండ్ వాళ్లు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యా అతను చనిపోయారు. వాళ్లంతా అనుభవం ఉన్నవాళ్లు. మేం నిన్న మీట నొక్కడం నేర్చుకున్నవాళ్లం కూడా కాదు, ఇవాళ నేర్చుకున్నవాళ్లం.

గొండోలా మర్నాడు. టికెట్లు ఆన్‌లైన్‌లోనే, తేదీ, స్లాటు చూసి ముందే తీసుకోవాలి, అక్కడికెళ్లి కొందామంటే కుదరదు. మేం వెళ్లినప్పుడు రెండు ఫేజులూ కలిపి మనిషికి రెండు వేల లోపే ఉండేది. మొదటి ఫేజు కొంగ్‌డూరి దాకా, రెండోది దాదాపు నాలుగు వేల మీటర్ల ఎత్తుకు. గాలి ఎక్కువైందని రెండో ఫేజు గంటన్నర ఆపేశారు, కొంగ్‌డూరిలో మ్యాగీ తింటూ కూర్చున్నాం. మేం తెచ్చుకున్న చిప్స్ పొట్లాలు అక్కడికి వచ్చేసరికి ఉబ్బి గట్టిబడ్డాయి, ఒకటి బ్యాగులోనే పగిలింది. పైకి వెళ్లాక మా ఆవిడకు తల తిరిగింది, పావుగంటకే దిగొచ్చేశాం. నిజం చెప్పాలంటే బండి ముందు గొండోలా నాకు చప్పగా అనిపించింది, మా ఆవిడ మాత్రం ఒప్పుకోదు.

చివరి రాత్రి దాల్ లేక్‌లో హౌస్‌బోటు. బుఖారీ అని కట్టెల పొయ్యి ఉంటుంది గదిలో, పడుకునే ముందు ఆర్పించి, కిటికీ కాస్త తీసి ఉంచమని బోటు ఆయనే చెప్పాడు. పొద్దున షికారా పడవ గంటకు ఎనిమిది వందలడిగి ఐదు వందలకు వచ్చాడు. నీళ్ల మీద కూరగాయల పడవలు తిరుగుతుంటే బావమరిది వంగి వంగి చూస్తున్నాడు, మంచుపొర ఎక్కడైనా మిగిలిందా అని. లేదు.

తిరుగు ప్రయాణం రోజు ఎయిర్‌పోర్టుకు కనీసం మూడు గంటల ముందు వెళ్లండి, ఇది మాట వరసకు చెప్పట్లేదు. టెర్మినల్‌కు చాలా ముందే ఒక గేటు దగ్గర అందర్నీ కారు దింపి, పెట్టెలన్నీ స్కానింగ్ చేయిస్తారు. ఆ లైనే మాకు నలభై నిమిషాలైంది. లోపల మళ్లీ మామూలు తనిఖీలన్నీ ఉంటాయి. మా కందిపొడి డబ్బాను ఒకాయన మూత తీసి వాసన చూసి, తుమ్మి, నవ్వి పంపించాడు.

మొత్తం లెక్క: ఫ్లైట్లకు డెబ్బై రెండు వేలు, తేదీ మార్చినందుకు పంతొమ్మిది, హోటళ్లూ కారూ యాభై రెండు, బట్టలకు పద్నాలుగు, గొండోలా ఏడు లోపు, స్నో బైకులు ఏడున్నర, గొలుసుల బండీ బూట్లూ నాలుగు, చెన్నై కార్లు, తిండి, టిప్పులు కలిపి ఇంకో ఆరేడు వేలు. నలుగురికీ లక్షా ఎనభై వేలు దాటింది. ఇందులో మేం అసలు దేనికోసం వెళ్లామో దానికి అయింది ఏడున్నర వేలు. ఫ్లైట్ టికెట్లు తీసేటప్పుడే తేదీ మార్చుకునే వీలున్నవి కాస్త ఎక్కువ పెట్టి తీసుంటే నయం, మంచు తేదీలు చూసుకుని పడదు. ఫిబ్రవరిలో వెళ్లి గడ్డి చూసి వచ్చినవాళ్లు శ్రీనగర్ హోటల్లో మాకు చెప్పుకుని బాధపడ్డారు. మా తర్వాత మూడు రోజులకే, మార్చి 9 నుంచి 12 దాకా, వాయిదా పడిన వింటర్ గేమ్స్ అక్కడే జరిగాయి.

ఏజెంటు దగ్గర ఆ ఎనిమిది వేలు ఇంకా అలాగే ఉన్నాయి. వచ్చే సీజన్‌కు క్రెడిట్ ఉంచుతానంటాడు, కాగితం మీద రాసివ్వమంటే రాసివ్వడు. నిన్న సాయంత్రం బావమరిది చిత్తూరు నుంచి వేరే నంబరుతో చేస్తే ఎత్తాడట, గొంతు గుర్తుపట్టగానే పెట్టేశాడు.